హంతకుడెవరో చెప్పని కోడలు

టైలరమ్మ అత్తగారికి షుగరు వల్ల చూపు పోయింది గానీ, చెవులు మాత్రం గోడ అవతలి గుసగుసను కూడా వదిలేవి కావు. హత్యల నవలలంటే ఆవిడ చెవి కోసుకునేది. అన్నీ ఒకే బాపతు. పొలాల మధ్య ఎక్కడో చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు, పొద్దున పలకరించిన మనిషి సాయంత్రానికి మొక్కజొన్న చేలో శవమై కనిపిస్తాడు. ఒకరితో ఆగదు, వరుసపెట్టి పోతుంటారు. చంపేది ఎప్పుడూ ఊళ్ళో మనిషే.

మధ్యాహ్నం మిషను ఆపి, ఒళ్ళో దారప్పోగులు దులుపుకుని, టైలరమ్మ మంచం పక్కన కూర్చుని చదివేది. ఇన్‌స్పెక్టరుకో గొంతు, భయంతో వణికే పోస్టుమాస్టరుకో గొంతు. అత్తగారు దుప్పటి పిడికిట బిగించి, "ఆ డాక్టరే! వాడి అతివినయం చూస్తే తెలియట్లా?" అనేది. అలా ఊపిరి బిగబట్టించి, చివరి అధ్యాయం రాగానే టైలరమ్మ పుస్తకం మూసేసేది.

"మిగతాదేదే?"

"అద్దె పుస్తకం అత్తయ్యా. షాపులో ఇచ్చెయ్యాలి."

"హంతకుడెవరో అదొక్కటీ చెప్పి పోవే."

"తెలియకపోతే ఏం కొంప మునిగింది?"

ఆ తర్వాత వంటింట్లో నిలబడి చివరి పేజీలు తనొక్కతే చదువుకునేది. అవతలి గదిలో అత్తగారు ఉసూరుమంటుంటే ఈమెకు కడుపు నిండినట్టుండేది. అద్దె షాపులో సగం అల్మారా ఇలాగే అయింది.

ఊరికే పెట్టుకున్న పగ కాదిది. పెళ్ళైన కొత్తలో, బళ్ళు తెరిచే ముందు, ఇంటినిండా యూనిఫారాలు గుట్టలు పడి ఉన్న రోజుల్లో, పుట్టింటి నుంచి కబురొచ్చింది. వ్యాను డ్రైవరొకడు గుమ్మంలో నిలబడి, "వాళ్ళమ్మకి బాగాలేదు, అమ్మాయిని ఉన్నపళంగా పంపమన్నారు" అన్నాడు. కోడలు గుండీల కోసం బజారుకెళ్ళింది. అత్తగారు తలూపి అతన్ని పంపించేసి, ఆఖరి చొక్కా కుట్టడం పూర్తయ్యాక గానీ నోరు విప్పలేదు. టైలరమ్మ వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "ఎప్పుడనగా కబురు పెట్టానే! నీ కోసం గుమ్మం వైపే చూస్తూ పోయింది" అని తండ్రి గొల్లుమన్నాడు. అమ్మ చివరి చూపు తనకు దక్కకుండా చేసిన మనిషికి ఏ కథ చివరా దక్కకూడదని టైలరమ్మ ఆ రోజే అనుకోలేదు. ఆవిడ కళ్ళు పోయి, పుస్తకం తన చేతికి వచ్చినప్పుడు అనుకుంది.

ఈ చలికాలంలో అత్తగారు బాగా నీరసించింది. ఇంక ఇంట్లోనే ఉంచుకోమని డాక్టరు చెప్పేశాడు. అప్పుడు చదువుతున్న నవలలో సగం ఊరు ఖాళీ అయింది. అనుమానం పిండిమిల్లువాడి మీదకీ నర్సు మీదకీ ఊగుతోంది. టైలరమ్మ ఎప్పటిలాగే పుస్తకం మూసింది.

"ఆగవే. ఆ వ్యాను డ్రైవరు ఇంకో మాట కూడా చెప్పాడు. మీ అమ్మ నీకు చెప్పమన్న మాట."

గుమ్మం దాకా వెళ్ళిన టైలరమ్మ వెనక్కి తిరిగింది.

"ముందు నువ్వు చివరిదాకా చదువు. అప్పుడు చెప్తా."

ఎంత గడుసుది! పోయే ముందు కూడా బేరమే. డ్రైవరు ఏనాడో పోయాడు, ఆ మాట ఇక ఈ ఒక్క నోట్లోనే ఉంది. పీక పిసికెయ్యాలన్నంత కోపం దిగమింగి టైలరమ్మ మళ్ళీ కూర్చుంది.

పుస్తకంలో హత్యలు చేసింది నర్సు. టైలరమ్మ మాత్రం పిండిమిల్లువాడని చదివింది. అచ్చులో లేని అరెస్టు, లేని సంకెళ్ళు, లేని కన్నీళ్ళు అప్పటికప్పుడు అల్లి, ఎక్కడా తడబడకుండా చదివింది. అమ్మ మాటా కావాలి, పగా తీరాలి.

"నేనప్పుడే అన్నానా, వాడేనని!" అత్తగారు చిన్నపిల్లలా నవ్వింది.

"ఇప్పుడు చెప్పండి."

"'నా బంగారుతల్లిని ఏడవొద్దని చెప్పండి, దాని మీద నాకే కోపమూ లేదు' అందట."

టైలరమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అమ్మ తనని బంగారుతల్లీ అనేదా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. అత్తగారి ముఖంలోకి చూసింది. ఆవిడా ఎక్కడా తడబడలేదు.

"నిజంగా అందా అత్తయ్యా? నా మీద ఒట్టేసి చెప్పండి."

అత్తగారు అప్పటికే మగతలోకి జారుకుంటోంది. టైలరమ్మ మంచం మీదకి వంగింది. ఆవిడ రెండు భుజాలూ పట్టుకుంది.

"పిండిమిల్లువాడు కాదు అత్తయ్యా, నర్సు! నేను అబద్ధం చదివాను. మీరు చెప్పింది నిజమేనా? ఒక్కసారి కళ్ళు తెరవండి!"

ఎంత కుదిపినా అత్తగారు పలకలేదు.