ఆషాఢానికి ఉభయదారు లేడు

మొన్న ఆదివారం పొద్దున హోసూరు సంగీత సభ కార్యదర్శి, నా కొడుకు ఈడు మనిషి, అంచులకు పసుపు రాసిన ఆహ్వానపత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సభకు కొత్త హాలు కట్టారట. "అంతా ఏసీనేనమ్మా, కుర్చీలు బెంగళూరు నుంచి తెప్పించినాము" అని మురిసిపోతూ చెప్పి, ప్రారంభోత్సవాల్లో నన్ను కూడా ఒక ఉభయం తీసుకోమని అడిగాడు. మన వైపు వాళ్లకు ఉభయం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను: ఉత్సవంలో ఒక దినం ఖర్చంతా ఒక కుటుంబం భరించడం, ఆ సాయంత్రం మైకులో వాళ్ల పేరు చదవడం, పాడినవారికి వాళ్ల చేతనే శాలువా కప్పించడం. సరే తీసుకుంటాను అని, నాకేది కావాలో చెప్పాను. దానికి అతను ఇచ్చిన జవాబు విన్నప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఎందుకు మండుతోందో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

డెబ్బైల నడుమ నేను కృష్ణగిరి నుంచి హోసూరుకు కోడలినై వచ్చాను. మెట్టినింట బట్టల కొట్టు. పుట్టింట నేర్చుకున్న నాలుగు కృతులూ పెళ్లితోనే సరి అనుకున్నాను. నా ఈడు ఆడవాళ్లు ఎందరు అలా అనుకోలేదు కనుక! కానీ నా అదృష్టం కొద్దీ మా మామగారి తమ్ముడు, మేమంతా చిన్నమామ అని పిలిచేవాళ్లం, కొట్టులో తన వాటా అన్నకే వదిలేసి, సభ తరఫున పిల్లలకు సంగీతం చెప్పేవారు. నూనె గానుగ వెనక ఒక పెంకుల గది, ఎప్పుడూ నువ్వుల చెక్క వాసన, సాయంత్రమైతే ఆ వాసనలోనే సరళీ స్వరాలు. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవారు కాదు. కొట్ల వాళ్ల పిల్లలూ, మేకలు కాసుకునే వాళ్ల పిల్లలూ ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. కెలమంగలం నుంచి పట్టుపురుగులు మేపే వాళ్ల అమ్మాయి ఒకతె బస్సులో వచ్చేది. మల్బరీ ఆకు కోసి కోసి ఆకుపచ్చనైన వేళ్లతో తాళం వేస్తూ పాడుతుంటే, ఆ గొంతుకు నేనే పాడటం ఆపి వినేదాన్ని. వచ్చిన కొన్నాళ్లకే చిన్నమామ నన్ను పిలిచి, "ఏమ్మా, వంటింట్లో పాడుకునేది ఈ చిన్నోళ్లకు చెప్పగూడదా?" అన్నారు. అంతే, ఆ సాయంత్రాలు నాకు రెండో పుట్టిల్లయ్యాయి.

ఇక సభ సంగతి. శ్రీరామనవమి ఉత్సవాలు వస్తే మా ఊరి వర్తకుల చెయ్యి ఎంత పెద్దదో చూడాల్సిందే. ప్రతి సాయంత్రానికీ ఒక ఇంటి ఉభయం. అది తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చే హక్కు, ఇంకొకరికి పోనిచ్చేవారు కాదు. మద్రాసు నుంచి గాయకులు, గంపల కొద్దీ పానకం, వడపప్పు. పందిట్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు ఎంత లావుగా రాయించేవారంటే వెలుతురు సగమే బయటికి వచ్చేది. అదే మనుషుల్ని గది అద్దె గురించో, చిన్నమామ నెల జీతం గురించో అడిగి చూడండి, వెంటనే కొట్టులో బేరం గుర్తుకొచ్చేది. పందిట్లో ఒక్క పూట పాడి పోయేవాడికి పట్టుశాలువా, ఏడాది పొడుగునా పిల్లల గొంతులు దిద్దేవాడికి రేపు మాపు. ఇదెక్కడి న్యాయం అని అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

సర్కారు గ్రాంటు కోసమూ తిరిగాం. మా బావగారు, అంటే నా భర్త అన్నగారు, అప్పట్లో సభ కార్యదర్శి. ఆయన ఎవరెవరినో పట్టుకుంటే ఏదో శాఖ నుంచి ఒక అధికారి తరగతి చూడటానికి వచ్చాడు. పిల్లల పాట విన్నాడు, కాఫీ తాగాడు, బాగుందన్నాడు. నడుస్తున్న పనికి ఇవ్వడానికి వీలు లేదనీ, కొత్తగా ఏమైనా మొదలుపెడితే దానికిస్తామనీ అరవంలో చల్లగా చెప్పాడు. చిన్నమామకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "రోజూ సరళీలే పాడతారు, కొత్తదేముంది అంటారా సారూ? నిన్న తప్పు పలికిన బిడ్డ ఈ దినం సరిగ్గా పలికింది. అదే కొత్త" అన్నారు. ఆ అధికారికి అర్థమైందో లేదో గానీ, కొన్ని నెలలకు మాకు కొత్త తంబురాలు మంజూరయ్యాయి. చెప్పే మనిషికి బియ్యం లేవురా నాయనా అంటే తంబురాలు పంపించారు! వాటి తీగలు తెగితే మార్పించడానికి మాత్రం ఎవరూ డబ్బులు పంపలేదు. ఊరి బయట అప్పుడప్పుడే లేస్తున్న ఫ్యాక్టరీల వాళ్లూ అంతే. ఏదైనా కచేరీ పెట్టండి, మా పేరుతో బ్యానరు కట్టండి అనేవాళ్లు. పాఠానికి బ్యానరు యాడ కట్టేది?

ఎనభైల మొదట్లో మా అత్తమ్మకు ఒక ఆలోచన వచ్చింది. చదువు లేని మనిషి, కానీ వర్తకుల ఇళ్ల గుట్టు ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. "పండగకు దినానికొక ఉభయం ఉండాది కదా, పాఠానికి నెలకొక ఉభయం పెట్టండి. ఏటేటా ఆ నెల ఆ ఇంటిదే, కొడుకులకూ మనవళ్లకూ దిగుతుందని చెప్పండి, ఎట్ల ఇయ్యరో చూస్తాను" అంది. అద్భుతమైన మాట. ఎవరి పేరు వాళ్లకు దక్కుతుంది, తరగతికి శాశ్వతంగా ఆధారం దొరుకుతుంది. ఇక మీదట ప్రతి ఏడూ చేతులు చాపే పని ఉండదు. ఆ మాట విన్ననాడు చిన్నత్తమ్మ కళ్లు తుడుచుకుంది. వాటా వదులుకున్న భర్తను పెళ్లినాటి నుంచి పల్లెత్తు మాట అనకుండా, సభ అప్పుడో ఇప్పుడో ఇచ్చే కాస్త జీతంతోనే ఇల్లు ఈడ్చుకొస్తున్న మనిషి ఆమె.

సమావేశం మా కొట్టు మీది మేడలోనే జరిగింది. చాపల మీద వర్తకులు, తలుపు వారగా మేము ఆడవాళ్లం. చైత్రం కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు. శ్రావణం, కార్తీకం, మార్గశిరం చూస్తుండగానే అయిపోయాయి. భాద్రపదం కూడా వినాయక చవితి పేరు చెప్పి ఒకాయన తీసుకున్నాడు. చివరకు మిగిలింది ఆషాఢం. ఆ నెల పేరు పలకగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆషాఢంలో మంచి పని మొదలుపెడితే ఇంటికి అచ్చొస్తుందా అప్పా?" అన్నాడు ఒక పెద్దమనిషి, తక్కినవాళ్లంతా తలలూపారు. నేను ఉండబట్టలేక, మిగిలిన నెలల డబ్బులో నుంచి కొంచెం కొంచెం దీనికి సర్దితే పోదా అన్నాను. శ్రావణానికని ఇచ్చింది ఆషాఢంలో ఖర్చు పెట్టడం ఎంత అపచారమో నాకు సావకాశంగా బోధించారు. పోనీ అందరూ కలిసి తీసుకోండి అంటే, బోర్డు మీద ఎవరి పేరు ముందు రాయాలనే దగ్గర అదీ ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హోసూరులో బట్టల కొట్లకు ఆషాఢమంటే ఏమిటో మీకు తెలుసు కదా? అరవవాళ్ల ఆడి నెల కూడా దాంతోనే కలుస్తుంది, తగ్గింపు ధరలని రంగు కాగితాలు అంటిస్తారు, జనం విరగబడతారు. ఆ చాపల మీద కూర్చున్నవాళ్లలో సగం మందికి గల్లాపెట్టె మూత పడనిది ఆ నెలలోనే. గల్లాపెట్టెకు లేని అశుభం పిల్లల పాటకు వచ్చిందా? మా ఇంటి కొట్టూ దానికి మినహాయింపు కాదు, సిగ్గుగానే చెబుతున్నాను. మా బావగారు చెడ్డవారు కారు, మెత్తని మనిషి. "ఒక్క నెలే కదా చిన్నాయనా, మూసిపెడదాం. శ్రావణంలో మేళం పెట్టి తెరిపిస్తాను" అన్నారు. "ఆషాఢంలో మా ఇంట పొయ్యి ఎలగదా ఏమప్పా?" అని మాత్రం అడిగి చిన్నమామ కండువా దులుపుకుని లేచిపోయారు.

ఆ ఆషాఢం గదికి తాళం పడింది. కెలమంగలం అమ్మాయి వచ్చి తాళం చూసి, మా ఇంటికి వచ్చి, గడపలో నిలబడి, "మళ్లీ ఎప్పుడక్కా?" అని అడిగింది. వచ్చే నెల అన్నాను. తల ఊపి బస్సుకు పోయింది.

ఆ నెలాఖరున అమ్మను చూడటానికి కృష్ణగిరి పోయాను. బస్సు దిగి మామిడి మండీల వీధిలో నడుస్తున్నాను. చివరి కాపు నీలం కాయలు కుప్పలు పోసి ఉన్నాయి, ఈగలు ముసురుతున్నాయి. ఒక మండీలో వేలం పాడుతున్న గొంతు వినబడి నా కాళ్లు ఆగిపోయాయి. ఎవరైనా ధర అరుస్తారు. ఆ గొంతు అరవడం లేదు, షడ్జమం మీద నిలబడి ధర పలుకుతోంది, పెరిగిన కొద్దీ ఒక్కొక్క స్వరం ఎక్కుతోంది. కాయల కుప్ప మీద నిలబడి చిన్నమామ. నన్ను చూసి దిగి వచ్చారు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. చిన్నత్తమ్మ అన్నగారిదట ఆ మండీ. శ్రావణం వస్తోంది, రండి మామా, పిల్లలు ఎదురుచూస్తున్నారని బతిమాలాను. "మామిడి అయిపోతే చింతపండు ఏలం ఉంటుందమ్మా. ఈయన పన్నెండు నెలలూ ఇస్తాడు. ఈయనకు ఆషాఢం లేదు" అన్నారు. ఆ మాటలో కోపం కూడా లేదు. ఆ కోపమంతా నేనే పడ్డాను, ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

శ్రావణంలో బావగారు అన్న మాట నిలబెట్టుకున్నారు. మేళం వచ్చింది, గుమ్మానికి మామిడాకులు కట్టారు, ఉభయదారు పేరు బోర్డెక్కింది. చెప్పేవాడు లేడు. బెంగళూరు నుంచి ఒకాయన కొన్ని వారాలు వచ్చి, బస్సు ప్రయాణం పడదని మానుకున్నాడు. చిన్నవాళ్లకు నేను కొంతకాలం చెప్పాను గానీ, వర్ణాల దాకా తీసుకుపోయే చేవ నాకు లేదు. కెలమంగలం అమ్మాయిని ఆ నెలలోనే పట్టు దారం తీసే షెడ్డులో పెట్టేశారు. చిన్నమామ కృష్ణగిరిలోనే ఉండిపోయారు, తొంభైలు రాకముందే పోయారు. సభవారు ఆయన సంస్మరణ కచేరీ పెట్టారు. మద్రాసు గాయకుడు, పందిరి, పానకం, అన్నీ. దాని ఉభయం కోసం నలుగురు పోటీపడ్డారు. నేను పోలేదు.

మొన్న వచ్చిన కార్యదర్శికి నేను చెప్పింది ఇదే. నాకు దినం వద్దు నాయనా, ఆషాఢం ఇయ్యండి, నెలంతా నాదే, నా తరవాత నా పిల్లలది, ఆ నెల పాఠం మాత్రం ఆగకూడదు అన్నాను. అతను ఇబ్బందిగా నవ్వాడు. "ఆషాఢంలో ఎవురూ బుక్ చేయరమ్మా, హాలు మూసిపెడతాము. పాఠమా? ఈడ పాఠం యాడ ఉండాదమ్మా? ప్రార్థన పాట కూడా ఫోన్‌లో నుంచే వేస్తాము" అన్నాడు. తప్పు అతనిది కాదు. అతను పుట్టేనాటికే ఆ గది గోడౌనైంది.

హోసూరులో మారనిదేముంది? గానుగ పోయింది, పెంకులు పోయాయి, ఆ వీధిలో నాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. వర్తకుల మనవళ్లు ఏసీ హాళ్లు కడుతున్నారు, తలుపు తలుపుకూ పేర్లు చెక్కిస్తున్నారు. ఆ ఒక్క నెల మాత్రం ఎవరికీ అక్కరలేకుండా అలాగే పడి ఉంది. ఏటా ఆ నెలలో మా తమ్ముడు కృష్ణగిరి నుంచి బుట్టెడు నీలం కాయలు పంపిస్తాడు. కోసి అందరికీ పెడతాను. నేను మాత్రం నోట పెట్టలేను.