దొరగారికి చేసి చూపించిన పాఠం

డ్రిల్లు మాస్టారికి నోటితో చెప్పడం చేతకాదు. ఏదైనా సరే, చేసి చూపించాల్సిందే.

ఈ రోగం స్కూల్లో మొదలైంది. పిల్లలకి పిల్లిమొగ్గ చూపించబోయి మెడ పట్టేసి, ఆ తర్వాత చాలా రోజులు పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరిగేవారు. రిటైరయ్యాకైనా కుదురుతుందనుకుంది భార్య. కుదరకపోగా ముదిరింది. పక్కింటి పసిపిల్ల ఇంకా పాకడం లేదని వాళ్లమ్మ బెంగపడితే, ఈయన వెళ్లి వాళ్ల హాలంతా పాకి వచ్చారు. పిల్ల పాకలేదు, ఈయన ప్యాంటు మాత్రం మోకాళ్ల దగ్గర పోయింది. పెయింటరుకి నిచ్చెన ఎక్కడం ఎలాగో చూపించి, దిగడం చూపించలేక ఆ పెయింటరు చేతే దింపించుకున్నారు.

"దేవుడు నోరిచ్చాడు కదండీ, చెప్పొచ్చుగా!" అనేది భార్య.

"చెబితే చెవిదాకా పోతుందే. చూపిస్తే ఒంటబడుతుంది."

"మీ ఒంటికి తగులుతోంది గానీ ఎవరికీ ఒంటబట్టడం లేదు."

భార్య సంగతే ఇలా ఉంటే, ఆవిడ తల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. మాస్టారు పనిచేసిన స్కూలుకి ఆవిడే హెడ్‌మిస్ట్రెస్. కూతురు ఫలానా ఆయన్ని చేసుకుంటానంటే, "ఎవరూ, ఆ గెంతులాయన్నా?" అని అడిగిన మనిషి. మోకాలి ఆపరేషన్ అయ్యాక కూతురి ఇంటికి వచ్చి, హాల్లో కిటికీ పక్కన చేతుల కుర్చీ వేయించుకుని కూర్చుంది. అక్కణ్నుంచి ఇంటిని స్కూలులాగే నడిపిస్తోంది. అల్లుడు ఇప్పటికీ ఆవిడని "మేడమ్" అంటారు, ఆవిడ వస్తుంటే లేచి నిలబడతారు.

ఇలాంటి ఇంట్లోకి, వానలో తడుస్తూ దొరికిందని మాస్టారు ఒక కుక్కపిల్లని చంకనేసుకొచ్చారు. వచ్చీ రాగానే అది హాలు మధ్యలో కూర్చుని, అందరినీ ఒకసారి చూసి, తాపీగా తివాచీ తడిపేసింది. హెడ్‌మిస్ట్రెస్ ముఖం మాడిపోయింది.

"దొరగారు తీరిగ్గా కానిచ్చారు" అంది భార్య. ఆ పేరే దానికి ఖాయమైపోయింది.

ఇక మాస్టారు రంగంలోకి దిగారు. మూలన పాత పేపర్లు పరిచారు. దొర వాటిని చింపి పోగులు పెట్టి, ఖాళీ అయిన నేలమీద పని కానిచ్చాడు. పెరట్లోకి తీసుకెళ్లి కూర్చోబెడితే సీతాకోకచిలుకల్ని చూసుకుంటూ కూర్చుని, లోపలికి రాగానే గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టాకి అభిషేకం చేశాడు. చివరికి మాస్టారు తన బ్రహ్మాస్త్రం తీశారు. పెరట్లో చేతులూ కాళ్లూ నేలకి ఆనించి, గడ్డి వాసన చూసి, గుండ్రంగా తిరిగి, గోడ పక్కన కాలెత్తి చూపించారు. దొర తల ఓ పక్కకి వంచి ఎంతో శ్రద్ధగా చూశాడు. గేటు దగ్గర పోస్ట్‌మాన్ కూడా చూశాడు.

ఆ సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. భార్యకి తల కొట్టేసినట్టయింది.

"మా స్కూల్లో ఇన్నేళ్లు ఈయనకి జీతమిచ్చాం" అంది హెడ్‌మిస్ట్రెస్ నిట్టూర్చి.

కొన్నాళ్లకి ఇల్లు కాస్త తెరిపిన పడింది. వంటగది పొడి, పడగ్గది పొడి. తడి కనిపించేది ఒక్కచోటే, హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ దగ్గర.

"ఇల్లంతా వదిలేసి మా అమ్మ కుర్చీ కిందే ఎందుకండీ దీనికి?" అని నిలదీసింది భార్య.

"మేడమ్ అంటే భయమే. స్కూల్లో పెద్ద పెద్ద పిల్లలే తడిపేసుకునేవాళ్లు, ఇదెంత!" అంటూ మాస్టారు గుడ్డ తీసుకుని తుడిచేశారు. తుడిచే పని మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఆ ఒక్క విషయంలో మంచివాడే అనుకుంది భార్య.

అక్కడితో ఆగితే ఆయన డ్రిల్లు మాస్టారు ఎందుకవుతారు? ఒకరోజు మెడలో పాత విజిల్ వేసుకుని హాల్లో నిలబడ్డారు.

"కుక్క ఇంట్లోవాళ్లని చూసి నేర్చుకుంటుంది. కాబట్టి నేను విజిల్ ఊదగానే అందరూ లేచి బాత్రూముకి వెళ్లాలి. వచ్చినా రాకపోయినా వెళ్లాలి. పెద్దవాళ్లు ముందు!"

భార్య నోరెళ్లబెట్టింది. "మీకేమైనా పిచ్చా? కుక్క కోసం మేమందరం వరసలో నిలబడాలా?"

"మేడమే దానికి ఆదర్శం. మేడమ్ వెళ్తే అదీ వెళ్తుంది."

ఈ మాటకి తల్లి ఈయన్ని కడిగేస్తుందని ఎదురుచూసింది కూతురు. తల్లి గొణుక్కుంటూ చేతికర్ర అందుకుని లేచింది. "కుక్క కోసం ఈ వయసులో పరేడ్ చేయాల్సొచ్చింది. ఏం చేస్తాం, ఈ మనిషి మనకి తగలడ్డాడు" అంటూ ముందు నడిచింది.

అప్పట్నుంచి రోజూ అదే తంతు. టీ తాగాక విజిల్, టీవీ పెట్టబోతే విజిల్, ఎవరైనా చుట్టం వచ్చి కూర్చున్నా విజిల్. వచ్చిన చుట్టం కూడా వెళ్లాల్సిందే. వీధిలో తలెత్తుకోలేక భార్యకి ఒళ్లు మండిపోయేది. పోనీ ఇంత చేసినా ఫలితం ఉందా అంటే, తగ్గినట్టే తగ్గి మళ్లీ కుర్చీ కింద తడి.

ఒకరోజు ఎదురింటావిడ పలకరించడానికి వచ్చి, మాటల మధ్యలో ముక్కు మూసుకుంది. హెడ్‌మిస్ట్రెస్ ముఖం ఎర్రగా కందిపోయింది. ఎదురింటావిడ అటు వెళ్లగానే కర్రతో నేలమీద కొట్టింది.

"ఆదివారానికి ఈ ఇంట్లో ఆ కుక్కయినా ఉండాలి, నేనైనా ఉండాలి!"

"మేడమ్, ఇంకొన్నాళ్లు చూద్దాం. చిన్నది..." అని నసిగారు మాస్టారు.

"ఇంకేం చూడక్కర్లేదు!" అంది భార్య. టింబర్ డిపో ఆయనకి కాపలాకి కుక్క కావాలట. గేటుకి గొలుసేసి కట్టేస్తాడట. ఆవిడే ఫోన్ చేసి రమ్మంది. మాస్టారు ఏమీ చేసి చూపించకుండా ఊరుకోవడం ఆవిడ మొదటిసారి చూసింది.

ఆదివారం పొద్దున్నే ఆయన చెప్పాపెట్టకుండా ఎటో వెళ్లిపోయారు. ఇంట్లో విజిల్ లేదు. భార్య గిన్నెలు కడుగుతుంటే దొర వచ్చి వెనక తలుపు గీకాడు. తీసింది. వాడు నేరుగా గోడ పక్కకి వెళ్లి, గడ్డి వాసన చూసి, గుండ్రంగా తిరిగి, అచ్చం మాస్టారిలాగే కాలెత్తి పని ముగించుకొచ్చాడు.

"అమ్మా, వీడు నేర్చేసుకున్నాడే!" అంటూ ఆవిడ హాల్లోకి పరిగెత్తింది, వెనకే దొర.

కుర్చీ కింద అప్పుడే అయిన తడి.

"చూడు, నీ కుక్క మళ్లీ..." అంటూ తలతిప్పిన తల్లికి, కూతురి కాళ్ల వెనక తోకాడిస్తున్న దొర కనిపించాడు. ఆవిడ ఒళ్లో శాలువా సర్దుకుని కిటికీలోంచి బయటికి చూడసాగింది. కూతురు ఆ తడినీ, దొరనీ, తల్లినీ మార్చి మార్చి చూసింది. 

సరిగ్గా అప్పుడే మాస్టారు గుమ్మంలోకి వచ్చి, ఒక్క చూపు చూశారు.

"ఒరేయ్ దొరా! మళ్లీనా? సిగ్గులేదట్రా నీకు?" అని కేకలేసి, గుడ్డ తెచ్చి మోకాళ్లమీద కూలబడ్డారు. "మేడమ్, వీడి మూలంగా మీ చీర కూడా తడిసినట్టుంది. మీరు లోపలికెళ్లి మార్చుకోండి, ఈలోపు వీడి పని నేను పడతాను."

ఆవిడ లోపలికి వెళ్లగానే మాస్టారు జేబులోంచి బిస్కెట్ తీసి దొర నోట్లో పెట్టారు. భార్య ఆయన్ని పెరట్లోకి లాక్కుపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఏంటి?"

"నటించకండి. మీకు రాదు."

మాస్టారు తల గోక్కున్నారు. "దొర వచ్చిన కొత్తల్లోనే. మేడమ్ ఎవరి ముందూ తల వంచిన మనిషి కాదే. కన్నకూతురికైనా సరే, ఎలా చెప్పుకుంటుంది? వేళకి వెళ్తుంటే తగ్గుతుందన్నాడు డాక్టరు."

"డాక్టరుకి చెప్పారా?"

"మేడమ్ పేరు చెప్పలేదు. నాకే ఉందని చెప్పా."

"అక్కడ చేసి చూపించలేదు కదా?" అంది. అని నవ్వబోతే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఈ మనిషినా తను నలుగురిలో వెర్రివాడన్నది అని సిగ్గేసింది.

గేటు చప్పుడైంది. ఇద్దరూ లోపలికి వచ్చేసరికి టింబర్ డిపో ఆయన గొలుసుతో హాల్లోకి వచ్చేశాడు. భార్య అడ్డుపడేలోగా లోపల్నుంచి చేతికర్ర టకటకలాడింది. హెడ్‌మిస్ట్రెస్ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి నిలబడింది.

"ఎవరు మీరు? ఆ గొలుసెందుకు?"

"కుక్కపిల్లని ఇచ్చేస్తామన్నారండి. పెద్దావిడ వద్దన్నారట కదా."

"నేనా? చదువు రావడం ఆలస్యమైందని ఏ పిల్లాడికీ టీసీ ఇవ్వలేదు నేను. మీరు వెళ్లొచ్చు."

డిపో ఆయన గొలుసు వెనక దాచుకుని, "నమస్కారమండి" అని వెనక్కి నడిచాడు. ఆయనా ఏదో స్కూల్లో చదువుకున్నవాడే.

హెడ్‌మిస్ట్రెస్ అల్లుడి వైపు తిరిగింది. మాస్టారు అటెన్షన్‌లో నిలబడ్డారు.

"మాస్టారూ, నేర్పడం మీకు మొదట్నుంచీ చేతకాదు."

"అవును మేడమ్."

"ఇవాళ పొద్దున్న విజిల్ ఊదలేదేం? ఆదివారం సెలవని ఎవరు చెప్పారు? వేళ తప్పిస్తే పాపం కుక్కేం చేస్తుంది?"

"పొరపాటైంది మేడమ్. ఇంకెప్పుడూ తప్పించను."

"ఊదండి మరి."

మాస్టారు కళ్లు తుడుచుకుని, బుగ్గలు పూరించి ఊదారు. ఆవిడ చేతికర్ర తిప్పుకుంటూ ముందు నడిచింది. ఆవిడ వెనక కూతురు, మొట్టమొదటిసారి సణుక్కోకుండా నిలబడింది. దొరగారు మాత్రం, తన పని ఎప్పుడో ముగించుకున్నవాడు కాబట్టి, గుమ్మంలో వెల్లకిలా పడి నిద్రపోయాడు.