చాచిన అరచెయ్యి

సరళీస్వరాలు పాడుతూ మా అమ్మాయి ఒకచోట తప్పింది. వెంటనే పాట ఆపి, నేనేమీ అనకముందే, కుడి అరచెయ్యి నా ముందుకు చాచి కళ్లు మూసుకుంది.

నేను బియ్యం ఏరుతున్నాను. చేట అలాగే ఒళ్లో ఉండిపోయింది. ఏడేళ్ల పిల్ల. మా ఇంట్లో దాన్ని ఎవరూ కొట్టరు.

ఎవరు నేర్పారే ఇది అని అడిగాను.

"తప్పితే చెయ్యి పెట్టాలమ్మా. మనమే పెడితే ఒక్క దెబ్బ. టీచర్ గారు అడిగేదాకా ఆగితే రెండు."

మిగతాది ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఆ వేసవంతా అది మామిడిపండు ముట్టలేదు. నూజివీడు పక్కన, తోటలోనే ఇల్లున్న పిల్ల, తమ్ముడి మోచేతుల దాకా కారే రసం చూస్తూ కూర్చునేది. గొంతు కోసం మానేసిందని మా అత్తగారు మురిసిపోయేవారు. అసలు సంగతి వేరు. పండు తిన్న గొంతు ముట్టుకుంటే తనకు తెలిసిపోతుందని సంగీతం టీచర్ చెప్పిందట. రోజూ పిల్లల గొంతు మీద వేళ్లు నొక్కి చూస్తుందట. అనుమానం వస్తే ఆ పిల్లను నిలబెట్టి, మిగతావాళ్ల చేత తాళం వేయిస్తూ "దొంగ, దొంగ" అనిపిస్తుందట. ఏడిస్తే శ్రుతిలో ఏడవమంటుందట.

"వేరేవాళ్లు ఏడిస్తే నేను కూడా నవ్వానమ్మా," అంది.

ఆడమనిషి దగ్గరికే కదా, భయమేముందని పంపాను.

మర్నాడు సాయంత్రం టీచర్ ఇంటికి వెళ్లి అడిగాను. ఆవిడ కాస్త కూడా తొణకలేదు. నేను పంపిన రసాల మామిడిపళ్ల బుట్ట వసారాలో సగం ఖాళీగా ఉంది.

"చేర్చిన రోజు మీరేమన్నారో గుర్తుందా అమ్మా? మీ బిడ్డే అనుకోండి, కొట్టైనా నేర్పండి అన్నారు. మీ మాటే నేను చేస్తున్నాను."

అన్నాను. తాంబూలం చేతిలో పెట్టి మరీ అన్నాను. మా వైపు పిల్లను బడిలో వేసినా, సంగీతంలో చేర్చినా ఆ మాట అనకపోతే మర్యాద కాదు. నా గురించి మా నాన్న కూడా అన్నారు. డిగ్రీ చదివిన నేను, పక్కన నిలబడ్డ పిల్ల మొహమైనా చూడకుండా, దాని ఒంటిని ఇంకొకరికి రాసిచ్చేశాను.

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానండీ. అనే హక్కు నాకు లేదు."

ఆవిడ నవ్వింది. "ఇంత మెత్తగా పెంచితే రేపు పెళ్లిచూపుల్లో కూడా పాడలేదు."

పాడకపోతే మానెయ్యనీ అని పిల్ల పుస్తకం తీసుకుని వచ్చేశాను. గేటు దాటుతుంటే లోపల ఎవరో పాప పాట మధ్యలో ఆగింది. తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. అయినా వెనక్కి వెళ్లలేదు. అందుకు నా మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు.

ఇంట్లో మా అత్తగారు మంచి గురువును పోగొట్టానన్నారు. మా వారు నెమ్మదిగా చెప్పి ఉండాల్సిందన్నారు. పిల్ల గొంతు నొప్పిగా ఉందా అని ఒక్కరూ అడగలేదు.

పొద్దున్నే ఇద్దరు పిల్లలనూ కూర్చోబెట్టి, చెరో పండు చేతికిచ్చి చెప్పాను:

"మిమ్మల్ని కొట్టమని ఇంకెప్పుడూ ఎవరితోనూ అనను. అనడం నా తప్పు. మీ మీద ఎవరు చెయ్యి వెయ్యాలన్నా మిమ్మల్ని అడగాలి, నేనైనా సరే. వద్దనిపిస్తే వద్దని చెప్పండి. వాళ్లకు కోపమొస్తే రానివ్వండి, మీరు నా దగ్గరికి రండి. పాట తప్పితే మళ్లీ పాడండి. చెయ్యి మాత్రం చాచకండి."