నర్సవ్వ పలికిన పేరు

1946 అక్టోబరు 7, సోమవారం. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. అమీర్‌పేటలో ఒక అనాథ బాలికల ఆశ్రమంలో లెక్కలు రాసేదాన్ని. ఆశ్రమానికున్న పన్ను మాఫీ నిలవాలంటే, బయటి పనివాళ్లకు ఇచ్చే కూలి వివరాలు ఏటా సర్కారు కచేరీలో దాఖలు చేయాలి. అక్కడ ముద్ర పడ్డాకే వాళ్లకు కూలి ఇచ్చేవాళ్లం.

పంజగుట్ట నర్సవ్వ మా పిల్లలకు బట్టలు కుట్టింది. ఆమెకు రావలసింది నిజాం నాణెమైన హాలీ సిక్కాలో పదకొండు రూపాయలు. క్షయతో మంచం పట్టిన భర్తకు ఆ డబ్బుతోనే మందు కొనాలి. ఆమెను వెంటబెట్టుకుని లక్డీకాపూల్ కచేరీకి వెళ్లాను.

“నీ మొగుని పేరేందమ్మా?” అన్నాడు గుమాస్తా.

“నేను పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతది సాబ్. గీ చిన్నమ్మ చెప్తది.”

“నీ నోటితోనే చెప్పాలె. జర జల్ది.”

వెనక ఎవరో నవ్వారు. “చెప్పవ్వా, పేరు చెప్తే మొగుడు పారిపోతడా?”

నర్సవ్వ గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మల్లేశం” అంది. ఇరవై రెండేళ్ల కాపురంలో అదే మొదటిసారి.

గుమాస్తా రాసుకున్నాడు. తర్వాత తేదీ చూసి కాగితం వెనక్కి తోశాడు. సర్కారు వాడే ఫస్లీ క్యాలెండరులో నెల అప్పటికే ముగిసి, గడువు తీరిపోయిందట. మా ఆశ్రమంవాళ్లు ఇంగ్లీషు నెలాఖరు అనుకున్నారు.

తిరిగొస్తూ ఆమె కూలి మాటే ఎత్తలేదు. “చిన్నమ్మా, మెల్లగనే అన్న గద? దేవునికి ఇనపడలేదు గద?” అంది.

అదే నెల 26న మల్లేశం పోయాడు. మందు అందకనే పోయాడని ఎన్నిసార్లు చెప్పినా, నర్సవ్వ చివరిదాకా నమ్మలేదు.