పెదనాన్న ఉపన్యాసం వాడుకోవచ్చు!

ఇప్పుడే ఊపిరి పీల్చుకున్నాను. మా షార్ట్ ఫిల్మ్ రేపు నరసరావుపేటలో మా కాలేజీలో వేస్తున్నారు. అందులో మా ఊరి పిల్లలు చెప్పులు చేతబట్టుకుని వాగు దాటుతుంటే, వెనక మాజీ సర్పంచ్ గారి పాత ఎన్నికల ఉపన్యాసం వినిపిస్తుంది: "ఈ వాగు మీద వంతెన కట్టించే పూచీ నాది!"

పొద్దున మా తెలుగు మేడం పట్టుకున్నారు. "రికార్డు చేసింది నీ ఫోనే కావచ్చు. ఉపన్యాసం మీద కాపీరైట్ మాత్రం మాట్లాడినాయనది. ఆయన్ని అడిగి రా, లేకపోతే ఆ ముక్క తీసెయ్."

ఆ ముక్క తీసేస్తే సినిమాలో మిగిలేది వాగొక్కటే!

వెంటనే మా ఊరు ముప్పాళ్ళకి బస్సెక్కాను. సర్పంచ్ గారు నాకు వరసకు పెదనాన్న. అయినా భయమే. వీడియో అంతా చూసి, ఫోను నా చేతికిచ్చేశారు.

"ఏందమ్మాయ్, నన్ను ఎగతాళి చేస్తన్నావా?"

"మాటలన్నీ మీవే పెదనాన్నా. నేనొక్కటి కూడా కలపలేదు."

లోపల్నుంచి పెద్దమ్మ అందుకుంది. "ఆ మాటలతో మీకింకేం పని? ఇచ్చెయ్యండి పిల్లకి!"

పెదనాన్నకి నవ్వాగలేదు. "సరే, వాడుకో. చప్పట్లు మాత్రం కొయ్యమాక" అన్నారు. నేను అడిగితే, ఒప్పుకుంటున్నానని ఫోన్లో రికార్డయ్యేలా కూడా చెప్పారు.

బస్సులో తిరిగొస్తూ 'మాట ఇవ్వడం' అంటే ఏమిటా అని ఒకటే నవ్వుకున్నాను. వంతెన సంగతేమో గానీ, పెదనాన్న ఈసారి నిజంగానే మాట ఇచ్చారు.

మీరైతే మీ ఊళ్ళో ఎవరి ఉపన్యాసం అడిగి తెచ్చుకుంటారు?