లాభం, రెండు, మూడు

మా నాన్నకు గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ఉండేది. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఆయన ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు. మొదటి బస్తాకు ఆ మాట పలికితే బేరం కలిసివస్తుందని నమ్మకం. బాబాయిదీ అదే అలవాటు. నాన్న పోయాక కొట్టు చూసుకుంటున్నది ఆయనే.

రేటు దగ్గర మాట తేడాలు వస్తున్నాయని, కొట్టుకు వచ్చే ఫోన్లన్నీ రికార్డయ్యే ఏర్పాటు ఒకప్పుడు నేనే చేశాను. కంప్యూటర్లు చదివింది ఇంట్లో నేనొక్కదాన్నే. వెనక గదిలో నాలుగు డిస్కుల సర్వరు. ఒక డిస్కు పోయినా మిగతా మూడూ కలిసి అందులో ఉన్నదంతా తిరిగి చెప్పగలవు. రెండు పోతే ఏమీ మిగలదు. కొట్టు లెక్కలకు వేరే కాపీ ఉంది. ఫోన్ల రికార్డింగులకు లేదు, మరీ పెద్దవని.

నాన్న గొంతు ఉన్నది ఆ ఫోన్లలోనే. "కాయ బానే ఉంది గానీ తాలు ఎక్కువుందయ్యా, ఏరించుకు రా" అని రైతులను కసిరే గొంతు. మా పాప ఆయన పోయాక పుట్టింది. దానికి తాత అంటే గోడ మీద ఫోటో. కాస్త ఊహ తెలిశాక వినిపించాలనుకున్నాను.

మిర్చి సీజన్ మధ్యలో ఒక డిస్కు పోయిందని నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. రెండో నంబరు డిస్కు. పాపకు జ్వరం, ఒళ్ళోంచి దిగడం లేదు. మార్చడానికి కొత్త డిస్కు కొట్లోనే ఉంది, సర్వరు ఆపాల్సిన పని కూడా లేదు. బాబాయికి ఫోన్ చేసి, ఎర్ర లైటు వెలుగుతున్న డిస్కు తీసి కొత్తది పెట్టమన్నాను.

"అన్నీ ఎర్రగానే ఉన్నాయమ్మా. మిరపకాయ దుమ్ము పట్టేసింది," అన్నాడు తుమ్ముతూ.

"అయితే ఎడమ పక్క నుంచి చూడు బాబాయ్. రెండో నంబరు."

"లాభం, రెండు. ఇదిగో, లాగేశా."

సర్వరు సున్నా నుంచి లెక్కపెడుతుంది. దాని రెండు మన మూడు. ఆ సంగతి నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు, పాప నుదుటి మీద చెయ్యి వేసుకుని మాట్లాడిన ఆ నిమిషంలో తప్ప. బాబాయి తీసింది బాగున్న డిస్కును.

పాపను అత్తయ్యకు అప్పగించి ఆటోలో పరుగెత్తాను. తీసిన డిస్కును మళ్ళీ దాని చోట పెట్టాను. సర్వరు మొదట దాన్ని గుర్తుపట్టనే లేదు. నానా తంటాలు పడితే చివరికి ఫైళ్ళు కనిపించాయి. నాన్న ఉన్నప్పటి ఫోన్లు ముందుగా నా లాప్‌టాప్‌లోకి ఎక్కించబోయాను. ఒక్క ఫోనైనా పూర్తిగా ఎక్కకముందే ఆ డిస్కులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. కాసేపటికి అదీ ఆగిపోయింది. తర్వాత డిస్కులన్నీ హైదరాబాదులో బాగుచేసేవాళ్ళకు పంపాం. పోయిన ఆ రెండింటి లోపలా గీతలు పడ్డాయి, ఏమీ రాదన్నారు.

ఆ మాట చెప్పినప్పుడు బాబాయి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"నేను లాగినందుకేనా, అమ్మా?"

"కాదు బాబాయ్. అదీ పాత డిస్కే. ఎలాగూ పోయేదే."

అది నిజమో కాదో నాకూ తెలియదు. ఆయన నమ్మలేదు.

నిన్న పాపను ఎత్తుకుని కొట్టుకు వెళ్ళాను. బయట లారీ వచ్చి ఉంది, బస్తాలు దింపబోతున్నారు. బాబాయి గొంతులో నాన్న పోలిక ఉంది. ఆ లెక్కయినా పాప చెవిన పడుతుందని దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను. ఆయన మమ్మల్ని చూశాడు. తర్వాత ముఖం లారీ వైపు తిప్పుకుని, మొదటి బస్తా మీద చెయ్యి వేశాడు.

"ఒకటి," అన్నాడు.