పేగు పరీక్షలో పాలు తాగిందెవరు?

భయపడ్డ మనిషి ఎంత తెలివితక్కువ పని చేయగలడో మీకు తెలియాలంటే, ఏలూరు ఆసుపత్రిలో నేను చేసిన ఘనకార్యం వినాలి. అప్పట్లో సెల్‌ఫోన్లు కొత్త, నాకు పెళ్ళీ కొత్తే. కైకలూరులో చేపల మేత కొట్టు నడిపేవాణ్ణి. మా ఆవిడ సునీతకి ఏడో నెల.

ఆ ఆసుపత్రిలో పనిచేసే మా బావ ఫోన్ చేశాడు. "ఏదో పరిశోధనంట. మంచి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కావాలంట."

ఆ మాటకి మీసం దువ్వుకుని, పరగడుపునే బస్సెక్కాను. తనకీ చెకప్ ఉందని సునీత కూడా వచ్చింది.

డాక్టరమ్మ మర్యాదగా చెప్పింది. "నోట్లోంచి గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీస్తామండీ. తర్వాత పాలు తాగించి, మళ్ళీ వేస్తాం. ఏదైనా తిన్నప్పుడు పేగులో హార్మోన్లు తయారుచేసే జీన్లలో ఏం మార్పొస్తుందో చూడాలి. అర్థమైందా అండీ?"

"శుభ్రంగా అర్థమైందండీ!"

నిజానికి గొట్టం కనబడ్డాక 'జీన్లు', 'మార్పు' అన్న రెండు ముక్కలు తప్ప నాకేమీ వినబడలేదు. కొల్లేటి నీటిపాములా నల్లగా మెరుస్తోందది. ఏడుపు ఒక్కటే తక్కువగా మొదటిసారి గొట్టం మింగాను. నర్సు పెద్ద గ్లాసుతో చిక్కటి పాలు చేతికిచ్చింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. జీన్లలో మార్పా? జీన్లంటే పోలికలు కదా! ఇవి తాగి నేను మారిపోతే, రేపు పుట్టే బిడ్డ ఎవరి పోలికతో పుడుతుంది? గ్లాసు పట్టుకుని గబగబా వరండాలోకి నడిచాను.

"ఏవండీ, అలా చెమటలు పట్టాయేంటి?" అంది సునీత.

"ఏం లేదు. ఈ పాలు నువ్వు తాగెయ్."

"మీకిచ్చినవి కదండీ?"

"నాకు సయించట్లేదు. తొందరగా కానీ!"

ఆకలి మీదుందేమో, గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

రెండోసారి గొట్టం దిగింది. డాక్టరమ్మ తెరకేసి చూసి, "ఇదేంటి, పాల జాడే లేదు! ఎవరు తాగారండీ?" అంది.

నోట్లో గొట్టంతో నేనేం చెప్పను? గుమ్మంలోంచి సునీత తొంగిచూసింది. పైపెదవి మీద తెల్లటి పాల మీసం.

"నేనేనండీ. భలే ఉన్నాయి."

"కడుపుతో ఉన్న మీకిచ్చేశారా!"

నేను తప్పించుకోబోయి తిన్నగా బిడ్డకే పట్టించానన్నమాట! "ఆఁ! ఊఁ!" అంటూ లేవబోయాను. నర్సు భుజాలు, బావ కాళ్ళు అదిమిపట్టారు. గొట్టం బయటికి రాగానే బావురుమన్నాను. "విరుగుడు ఇవ్వండమ్మా! మా బిడ్డ జీన్లు మారిపోతాయి!"

డాక్టరమ్మ నవ్వాపుకోలేక కూర్చుండిపోయింది. "జీన్లు మారవండీ. ఉన్న జీన్లే కాస్త ఎక్కువ పనిచేస్తాయా, తక్కువ పనిచేస్తాయా అన్నదే చూస్తాం. ముద్ద దిగినప్పుడల్లా అందరి కడుపులోనూ జరిగేదే. అవి మామూలు పాలు."

"అయితే ఇంటికెళ్ళొచ్చా అండీ?"

"వెళ్ళండి. మీరిష్టపడితే ఇంకో రోజు రండి. పాలు తాగలేదు కాబట్టి ఇవాళ్టిది లెక్కలోకి రాదు. మళ్ళీ మొదట్నుంచీ, రెండుసార్లూ మింగాలి."

బావ ముందు పరువు పోతుందని ఒప్పుకున్నాను. బస్టాండులో సునీత ఆశగా, "ఈసారీ నన్ను తీసుకెళ్తారు కదండీ?" అంది.

అక్కడే, మా కైకలూరు మీదుగా పోయే ఆకివీడు బస్సు ఎదుట నిలబడి, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను: ఆసుపత్రిలో నా చేతికిచ్చింది విషమైనా సరే నేనే తాగుతాను, కట్టుకున్న భార్యకి చుక్క కూడా మిగల్చను!